నట్టు మీద ఎర్ర గీత

ఇంటి నుంచి,
సోమవారం మధ్యాహ్నం

చిరంజీవి ఉడతకు,
అక్క ఆశీర్వదించి రాయడం.

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటా అనుకుంటావు. ఫోన్ చేస్తే అవతల నీ షెడ్డులో ఇనుము మోత, ఇవతల మీ బావ చెవి. ఆ రెంటి మధ్య నేను చెప్పాల్సింది చెప్పలేను. కాగితమైతే తీరిగ్గా, ఒకదాని తర్వాత ఒకటి చెప్పొచ్చు. నువ్వూ అలాగే రాయి.

ముందు మంచి మాట. నీ దగ్గర బాగుపడి వచ్చాక లారీ గొంతే మారిపోయింది. ఇదివరకు వీధి మలుపులో ఉండగానే దగ్గొచ్చిన ముసలాయనలా వినపడేది. ఇప్పుడు గుమ్మం ముందు ఆగేదాకా తెలియడం లేదు. నల్ల పొగ కూడా పోయింది. ఎదురింటి టైలరమ్మ "కొత్త బండి కొన్నారా" అని అడిగింది. "మా చెల్లెలు బాగుచేసింది" అన్నాను. "చెల్లెలి మొగుడా?" అంది. "చెల్లెలే" అన్నాను. నోట్లో దారం ముక్క పెట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆ దారం ఎప్పుడు తీసిందో నేను చూడలేదు, తల ఎత్తుకుని లోపలికి వచ్చేశాను.

ఇప్పుడు రెండో మాట. బండి కింద డీజిల్ పడుతోంది. ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోట అడుగునుంచి చుక్కలు చుక్కలుగా కారుతోంది. పెరట్లో నేను పెట్టిన రేకు పళ్ళెంలో పొద్దుటికి మడుగవుతోంది. మీ బావ ఒకటే పాట. "రిపేరుకి ముందు కారలేదు, రిపేరు తర్వాత కారుతోంది. ఇంక ఆలోచించేదేముంది?"

ఇక్కడి మెకానిక్‌కి చూపిస్తానంటున్నారు. నేనే ఆపాను. ఇక్కడ చూపిస్తే సాయంత్రానికల్లా ఆ మాట మూడు లారీలాయన చెవిన పడుతుంది. మీ బావ బండి ఎలా నడుస్తుందో చూసి తన మూడు బళ్ళూ నీకు అప్పగిస్తానన్నాడుగా. ఆ బళ్ళు రాకపోతే షెడ్డు అద్దెకి వేరేవాళ్ళు కాచుకుని ఉన్నారని నువ్వు నవ్వుతూ చెప్పిన మాట నేను మర్చిపోలేదు. నువ్వు నవ్వుతూ చెప్పేవే నిజమైన కష్టాలని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు.

ఏం చేయాలో రాయి. ఇంట్లో అంతా క్షేమం. స్నానాల గది కుళాయి మళ్ళీ కారుతోంది. మీ బావ మళ్ళీ బిగించారు.

నీ అక్క


షెడ్డు నుంచి,
శుక్రవారం

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం మొదటి సగం మళ్ళీ మళ్ళీ చదివాను. రెండో సగం ఒక్కసారి చదివితే చాలింది.

బావ అన్నదాంట్లో తప్పు లేదు. నా దగ్గరికి అలాంటి బండి వచ్చినా నేను ముందు అడిగేది అదే: చివరగా చెయ్యి పెట్టింది ఎవరని. ఈసారి ఆ చెయ్యి నాది.

నేను వద్దామంటే షెడ్డులో ఒక ఇంజన్ మొత్తం విప్పి ఉంది. దాని ఓనరు రోజూ స్టూలు వేసుకుని నా ఎదురుగానే కూర్చుంటున్నాడు. బండిని ఇటు పంపమందామంటే కారుతూ అంత దూరం నడపకూడదు. వేడి ఇంజన్ మీద డీజిల్ పడితే ప్రమాదం, రోడ్డు మీద పడితే వెనకొచ్చే సైకిలువాడు జారిపోతాడు. దగ్గర్లో సరుకుకి తప్ప బావని ఎక్కడికీ వెళ్ళొద్దని చెప్పు.

అందుకని నువ్వే చూడాలి. నవ్వకు. వంటింట్లో పురుగు ఏ డబ్బాలో పుట్టి ఏ డబ్బాలోకి పాకిందో వరసగా తెరిచి కనిపెట్టే మనిషివి నువ్వు. ఇదీ అంతే. డీజిల్ ఒకచోట పుడుతుంది, పైపు వెంబడి పాకుతుంది, ఇంకోచోట కారుతుంది. కారిన చోట వెతికితే ఏమీ దొరకదు.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బావచేత కేబిన్ ఎత్తించు. సబ్బునీళ్ళ గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వు. తర్వాత పైపులు కలిసే ప్రతిచోటా మొహం పౌడరు పల్చగా చల్లు. స్టార్ట్ చేయించి దూరంగా నిలబడి చూడు. అన్నిటికన్నా పైన ఏ చోట పౌడరు తడిసి ముద్దవుతుందో అదే పుట్టిన చోటు.

ఒక్క జాగ్రత్త. పంపు నుంచి, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళకి వెళ్ళే సన్నటి ఇనప పైపులు ఉంటాయి. ఇంజన్ నడుస్తుండగా వాటి దగ్గర వేలు పెట్టొద్దు. అక్కడ కంటికి కనపడని సందు నుంచి వచ్చినా డీజిల్ చర్మంలోకి సూదిలా దిగిపోతుంది. అనుమానమొస్తే అట్టముక్క అడ్డుపెట్టి చూడు. బావ సిగరెట్టు వీధి అవతల.

ఉడత


ఇంటి నుంచి,
ఆదివారం

చిరంజీవి ఉడతకు,

నువ్వు చెప్పింది మొదటిసారి సరిగ్గా చేయలేదు. మీ బావ "కారేది కింద కదా, కింద చల్లు" అంటే అలాగే చల్లాను. కింద ఉన్నదంతా ఒకేసారి తడిసి పిండి ముద్దలా అయింది. పైపెచ్చు మీ బావ ఎకసెక్కాలు. "ఇంజన్‌కి పౌడరేమిటే, ఫొటో తీయిస్తావా?" అన్నారు. రెండోసారి పైనుంచి మొదలుపెడదామని మొత్తం కడిగి ఆరబెట్టేసరికి వాన. కేబిన్ దించేశాం.

అయినా ఒకటి గమనించాను. ఇంజన్ నడిచినంతసేపూ కారుతుంది, ఆపాక కాసేపటికి తగ్గిపోతుంది. అంటే లోపల నుంచి తోసేది ఉన్నప్పుడే బయటికి వస్తోంది. ఈ ముక్క మీ బావకి చెబితే నావైపు కొత్త మనిషిని చూసినట్టు చూశారు. నీ ఉత్తరంలో లేని మాట నేనే అనగలిగానని నాకూ కొంచెం మురిపెంగానే ఉంది.

ఉడతా, ఇక్కడ ఒక విషయం దాచాలనుకుని దాచలేక రాస్తున్నాను. తూకం కాటా దగ్గర మీ బావకి మూడు లారీలాయన ఎదురుపడ్డాడట. "మీ మరదలి పని ఎలా ఉంది?" అని అడిగాడట. ఈయన అబద్ధం చెప్పలేక "ఇంజన్ బాగుంది గాని డీజిల్ కారుతోంది" అన్నారట. పక్కన ఇంకో నలుగురు డ్రైవర్లు. ఆయన "సరే, నెలాఖరు దాకా చూద్దాం" అని వెళ్ళిపోయాడట. ఇంటికొచ్చి ఈ మాట చెప్పి, అన్నం కలుపుకుంటూ "ఉన్నమాటే అన్నాను" అన్నారు. నేను ఇంకో గరిటె వడ్డించలేదు. అడగనూ లేదు. ఆయనా అడగలేదు.

వాన తగ్గగానే మళ్ళీ చూస్తాను.

నీ అక్క


షెడ్డు నుంచి,
బుధవారం

అక్కా,

నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఇక చెప్పేస్తాను.

ఆ రోజు పైపులన్నీ బిగించేటప్పుడు రాగి వాషర్లు ఒకటి తక్కువైంది. పైపు కలిసేచోట బోల్టు కింద పెట్టే ఉంగరంలాంటి చిన్న బిళ్ళ అది. మెత్తటి రాగి కాబట్టి బిగిస్తే అణిగి సందు మూసేస్తుంది. కొట్టు మూసి ఉంది, బావకి తెల్లారేసరికి సరుకు ఎక్కించాలి. పాత వాషర్‌నే ఎర్రగా కాల్చి, నీళ్ళలో ముంచి, మెత్తబరిచి వేశాను. ఈ పని నేర్పిన పెద్ద మేస్త్రీ కూడా అవసరమైతే అలాగే వేసేవాడు. కానీ బావకి చెప్పి వేయాల్సింది. చెప్పలేదు. అది డీజిల్ ఫిల్టరు మీద ఇంజన్ వైపున్న బోల్టు కింద ఉంది. అక్కడ తడిస్తే తప్పు నాదే, ఇంకెవరిదీ కాదు. మూడు లారీలాయనకి నేనే చెబుతాను. బావ నాలుక అబద్ధమాడలేదుగా, నాదెందుకు ఆడాలి?

పైపులు చూసేటప్పుడు ఇంకొకటి కూడా చూడు. ప్రతి నట్టు మీదా బోల్టు మీదా ఎర్ర గీత ఉంటుంది. అది గోళ్ళరంగు. నువ్వు ఒక్కసారి వేసుకుని "చేతులు నావి కావనిపిస్తోంది" అని నాకిచ్చేసిన సీసాయే. నాకు సరిపడా బిగించాక బోల్టు మీంచి పక్కనున్న లోహం మీదికి ఒకటే గీత లాగుతాను. బండి అదురుకి బోల్టు వదులైతే గీత విరిగిపోయి రెండు ముక్కలు పక్కపక్కకి జరుగుతాయి. దూరం నుంచే కనపడుతుంది. గీత తిన్నగా ఉందంటే నేను వదిలినట్టే ఉందన్నమాట.

ఇక్కడ విప్పిన ఇంజన్ మళ్ళీ మూసేశాను. మొదటి తాకుకే అందుకుంది. స్టూలు మీద కూర్చున్నాయన లేచి నిలబడ్డాడు. నాకు మాత్రం సంతోషం రాలేదు, నీ పెరడే కళ్ళముందు ఉంది.

ఉడత


ఇంటి నుంచి,
శనివారం

చిరంజీవి ఉడతకు,

ఇది నింపాదిగా కూర్చుని చదువు.

నీ వాషర్ సంగతి మీ బావకి ముందే చెప్పేశాను. పరీక్ష అయ్యాక చెబితే దాచినట్టుంటుంది. ఆయన విని "చూశావా, నేననలా" అన్నారు. తర్వాత మళ్ళీ ఆయనే "అయినా పొద్దున్నే సరుకని తొందరపెట్టింది నేనేలే" అన్నారు. మనిషి చెడ్డవాడు కాదు, నీకూ తెలుసు.

ఎండ కాసింది. ఇద్దరం కలిసి తుడిచాం. ఆరాక ఈసారి పైనుంచి కిందికి, కుడినుంచి ఎడమకి, ఒక్క కలయిక కూడా వదలకుండా పౌడరు చల్లాను. అప్పుడు దగ్గరగా చూశాను నీ గీతల్ని. ఇన్నాళ్ళూ ఇంజన్ అంటే మసి అనుకున్నాను. ఆ మసిలో ఒక్కో బోల్టు మీద ఒక్కో సన్నటి గీత, వంకర లేకుండా, అన్నీ ఒకే వెడల్పు. ఎవరూ చూడని చోట, కేబిన్ మూస్తే కనపడని చోట, నువ్వంత శ్రద్ధగా లాగావు. చిన్నప్పుడు నీ పుస్తకాలకి అట్టలు నేను వేసేదాన్ని, నీకు చేత కాదని. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మీ బావ స్టార్ట్ చేశారు. నేను ముందు ఫిల్టరు దగ్గరే కళ్ళు పెట్టుకుని నిలబడ్డాను. నీ కాల్చిన వాషర్ దగ్గర పౌడరు తెల్లగా ఉంది. అలాగే తెల్లగా ఉంది. ఇంజన్ వేడెక్కినా చుక్క తడి లేదు.

అప్పుడు వెనక వైపు, కేబిన్ గోడ పక్క మూలన, నాజిళ్ళ నుంచి మిగిలిన డీజిల్ తిరిగి వెళ్ళే పైపు బోల్టు దగ్గర, పౌడరు బూడిద రంగుకి తిరిగింది. చూస్తుండగానే ముద్దయింది. అక్కడినుంచి సన్నటి దారి ఇంజన్ వెనక గోడ వెంబడి దిగి, దిగి, సరిగ్గా నా రేకు పళ్ళెం పైకి వచ్చి ఆగింది. ఉడతా, చీమల బారు వెంట వెళ్ళి పుట్ట కనుక్కున్నట్టుంది.

మీ బావని ఆపమన్నాను. చల్లారాక తుడిచి చూశాను. ఆ బోల్టు మీద కూడా ఎర్ర గీత ఉంది. కానీ బోల్టు మీద ముక్క ఒకవైపు, పక్కన లోహం మీద ముక్క ఇంకోవైపు. వదులైతే విప్పే వైపు జరగాలి కదా. నేను జాడీ మూత తెచ్చి తిప్పి మరీ సరిచూసుకున్నాను. ఇది బిగించే వైపు జరిగింది. బోల్టు తల మూలలు స్పానరు పట్టి మెరుస్తున్నాయి. మిగతా వేటికీ ఆ మెరుపు లేదు.

"ఏవండీ, దీన్నెవరైనా ముట్టుకున్నారా?"

"నా బండి ఎవరు ముట్టుకుంటారు?"

"మీరు?"

"నేనా? నేనేం చేశాను? వచ్చిన రోజు చూస్తే అక్కడ కాస్త తడిగా అనిపిస్తే..." అని ఆగిపోయారు.

"అనిపిస్తే?"

"ఒక్క చుట్టు. మనసుకి నిమ్మళంగా ఉంటుందని."

"మరి ఇన్నాళ్ళూ ఒక్క మాటైనా అనలేదే?"

"అది బిగించడం కాదే. చూసుకోవడం."

నిజంగానే అలా అనుకున్నారు. దాచలేదు, ఉడతా. జాడీ మూతలు, కుళాయిలు, కుక్కర్ పిడి, చివరికి నా కళ్ళజోడు మరలు, అన్నిటికీ "ఇంకో చుట్టు" తిప్పకుండా ఆయన చెయ్యి వెనక్కి రాదు. అది ఆయనకి ఊపిరి పీల్చుకోవడం లాంటిది. ఊపిరి పీల్చానని ఎవరైనా చెబుతారా?

సరిగ్గా అప్పుడే పెరటి పక్క స్నానాల గదిలోంచి కుళాయి టప్పుమంది. కాసేపాగి మళ్ళీ టప్పుమంది. ఆయన అటు చూశారు, నావైపు చూశారు. "దాన్ని కూడా ఇప్పుడే మాట్లాడమని చెప్పావా?" అన్నారు. నాకు నవ్వాగలేదు. ఆయనకి నవ్వు రాలేదు.

బోల్టు విప్పి వెలుతురుకి పెట్టి చూశారు. డీజిల్ పారడానికి లోపల గుల్లగా ఉన్న బోల్టది, తల కింద వెంట్రుకలా బీట. చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. "ఈ గీతలు ముందే చూశాను. అందానికనుకున్నాను" అన్నారు. అంతే. బోల్టు జేబులో వేసుకుని బయటికి వెళ్ళి గట్టు మీద కూర్చున్నారు.

తడి ఎందుకున్నట్టని నీకు అనుమానం రావచ్చు. నువ్వు పైపులు విప్పినప్పుడు ఒలికిందే అయ్యుంటుంది. ఒకరోజు ఆగి తుడిచి చూస్తే సరిపోయేది.

ఇప్పుడేం చేయాలో రాయి. బండి కదలడం లేదు.

నీ అక్క


షెడ్డు నుంచి,
మంగళవారం

అక్కా,

ఉత్తరం చదివి షెడ్డు తలుపు మూసి కాసేపు కూర్చున్నాను. ఏడ్చానని రాయను, డీజిల్ చేతులతో కళ్ళు తుడుచుకోవడం ఎంత మంటో నీకు తెలీదు.

జాడీ మూత తిప్పి సరిచూశావా? నేను పనిలో పెట్టుకున్న మనుషులకి ఏది ఏ వైపో చెప్పిచెప్పి నోరు పోయింది. నువ్వు ఇక్కడుంటే వాళ్ళందరికీ మేస్త్రీవి. ఉట్టి మాట కాదు. పుట్టిన చోటు దొరికాక కూడా ఆగకుండా గీత ఏ వైపు జరిగిందో చూడాలని ఎంతమందికి తోస్తుంది?

దీనితోపాటు కొత్త బోల్టు, రెండు వాషర్లు పంపుతున్నాను. పైపుకి ఇటొకటి, అటొకటి. రెండూ కొత్తవే, కాల్చినవి కావు. సీసాలో మిగిలిన గోళ్ళరంగు కూడా.

బోల్టు బావే బిగించాలి. వేరేవాళ్ళని పిలవొద్దు. ముందు చేత్తో ఆగేదాకా. తర్వాత పొట్టి స్పానరు, పిడి చివర కాకుండా మధ్యలో పట్టుకుని, గట్టిగా తగిలేదాకా. అక్కడ ఆపాలి. బావతో చెప్పు: మరదలు తిట్టలేదు, కాని ఆ పొడుగు పిడి స్పానరు ఇంట్లో ఎవరికీ అందని చోట పెట్టమంది.

మూడు లారీలాయనకి నేనేమీ చెప్పను. కాల్చిన వాషర్ కారలేదు కాబట్టి చెప్పడానికి నాకేమీ లేదు. మిగిలింది చెప్పడం నా పని కాదు. రేపటితో నెలాఖరు వారం మొదలు. పోతే పోనీ అక్కా. గీత తిన్నగా ఉందని నువ్వు రాశావు, నాకది చాలు.

ఉడత


ఇంటి నుంచి,
గురువారం

చిరంజీవి ఉడతకు,

"నాకది చాలు" అని నవ్వుతూ రాశావు. నాకు తెలుసు అది చాలదని.

పార్సిలు వచ్చింది. నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను, తిట్టలేదన్న మాటతో సహా. "తిట్టినా బాగుండేది" అన్నారు.

బిగించారు. పక్కన నేను నిలబడ్డాను. పొట్టి స్పానరు మధ్యలో పట్టుకుని, గట్టిగా తగలగానే ఆగారు. చెయ్యి మాత్రం స్పానరు మీదనే ఉంది. "ఇంకో చుట్టు అడుగుతోందే చెయ్యి" అన్నారు. నేను సీసా మూత తీసి చేతికిచ్చాను. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ఆ కుంచెతో బోల్టు మీంచి పక్కకి గీత లాగారు. నీ గీతంత తిన్నగా లేదు. కొంచెం వణికింది. ఆరేదాకా ఊదారు కూడా.

తర్వాత పౌడరు చల్లి చాలాసేపు నడిపి చూశాం. అంతా తెల్లగానే ఉంది. పొద్దుట రేకు పళ్ళెంలో వానచినుకులు తప్ప ఏమీ లేవు.

ఉతికిన చొక్కా వేసుకుని బండి తీసుకుని వెళ్ళారు. సరుకు లేదే, ఎక్కడికన్నాను. "చిన్న పని" అన్నారు. తిరిగొచ్చాక అడిగితే "అయిపోయింది" అన్నారు. అన్నం రెండోసారి అడిగి పెట్టించుకున్నారు. ఇంకేమీ చెప్పలేదు, నేనూ లాగలేదు. ఆయన దేన్నైనా ఊరికే వదిలేయడం ఇదే మొదటిసారి, నేనెందుకు బిగించాలి?

కుళాయికి కొత్త వాషర్ తెప్పించాను. అది నేనే వేశాను. వేసి, ఎవరూ చూడకుండా ఒక గీత లాగాను.

నీ అక్క


షెడ్డు నుంచి,
ఆదివారం

అక్కా,

బావ చేసిన చిన్న పని ఏమిటో నాకు తెలిసింది. నీకు చెప్పొద్దని ఎవరూ అనలేదు కాబట్టి చెబుతున్నాను.

ఈ పొద్దున మూడు లారీలాయన వచ్చాడు. ఒక్కడే కాదు, వెనక మొదటి లారీ కూడా ఉంది. నేను చేతులు తుడుచుకుని "ఏమైంది బండికి?" అంటే, ఆయన దానికి జవాబు చెప్పకుండా నవ్వుతున్నాడు. "మీ బావ కాటా దగ్గరికి వచ్చాడమ్మా. ఆ రోజున్న నలుగురు డ్రైవర్లూ పోగయ్యేదాకా కూర్చున్నాడు. అప్పుడు జేబులోంచి బీటపడ్డ బోల్టు తీసి అందరి చేతుల్లో పెట్టాడు. 'మా మరదలు వేసింది కారలేదు. నేను చూసుకున్నది కారింది' అన్నాడు. తర్వాత కేబిన్ ఎత్తి ఆ గీతలు ఒక్కొక్కటీ చూపించాడు, బడిలో మాస్టారులా. 'వంకరగా ఉన్నది ఒక్కటే నాది, మిగతావన్నీ మా మరదలివి' అన్నాడు."

నేను ఇంజన్ వైపు తిరిగి ఏదో వెతుకుతున్నట్టు నిలబడ్డాను.

మిగతా రెండు బళ్ళూ వచ్చే నెల వస్తాయట. ఆయన షరతు ఒక్కటే: "నా బళ్ళకీ ఆ గీతలుండాలి. మా డ్రైవర్లు కూడా నీ బావలాంటి చేతులవాళ్ళే."

బావ ఈసారి ఇటొచ్చినప్పుడు ఆ వంకర గీత నేను చూడాలి. తిన్నగా చేయొద్దని చెప్పు, అలాగే ఉంచమను.

సీసా నీ దగ్గరే ఉండిపోయింది. అదిక్కడికి పంపొద్దు, కుళాయిలకి కావాలి. నాకు కొత్తది కొని పంపు. రంగు మాత్రం అదే.

ఉడత